ఏబీఎస్ ఫ్యూజు పీకేయమంటున్నారు, పీకాలా?

జయపురం 26 | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది జయపురం. 2017లో కొన్న చిన్న కారు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉంది. నెలకు రెండుసార్లయినా అమ్మను కంటి వైద్యానికి విజయనగరం తీసుకువెళ్తాను. కోరాపుట్, పొట్టంగి దాటి సుంకి ఘాట్ దిగి సాలూరు మీదుగా ప్రయాణం. ఆ మలుపులు తెలిసినవారికి వేరే చెప్పనక్కర్లేదు.

పోయిన నెల ముందు ఎడమ చక్రం గుయ్యిమని మోగుతోందని ఊళ్ళోనే ఒక షెడ్డులో బేరింగ్ మార్పించాను. మోత పోయింది, కొత్త తంటా వచ్చింది. మెల్లగా బ్రేకు వేసి బండి ఆపబోతున్నప్పుడు, ఇంకాసేపట్లో ఆగుతుందనగా, కాలికింద పెడల్ గరగరమని వణుకుతుంది. ఆ క్షణంలో బ్రేకు వదిలేసినట్టయి బండి ఒక గజం ముందుకు పోయి ఆగుతుంది. మొన్న సంతలో వెదురు బుట్టలు అమ్ముకునే ఆవిడ తోపుడు బండికి వెంట్రుకవాసిలో ఆగాను. ఆవిడ ఒడియాలో తిట్టిన తిట్లు నాకు పూర్తిగా అర్థం కాకపోవడమే మంచిదయింది.

డాష్‌బోర్డు మీద ఏ దీపమూ వెలగడం లేదు. బేరింగ్ వేసిన షెడ్డులో అడిగితే, ఏబీఎస్ ఉన్న బండి అలాగే వణుకుతుంది అన్నారు. ఇంకో చోట అడిగితే, ఘాట్‌లో తిరిగేవాళ్ళకు అది అనవసరం, ఫ్యూజు పీకేస్తే పీడ పోతుంది అన్నారు. పీకడానికి అర నిమిషం చాలునట. అమ్మను కూర్చోబెట్టుకుని దిగే దారి కాబట్టి అడుగుతున్నాను. పీకమంటారా?

---

సాలూరు లారీ తాత | శనివారం రాత్రి 10:15

పీకేయ్ బాబూ. ముప్పై అయిదేళ్ళు అదే సుంకి ఘాట్ ఎక్కి దిగాను. మా బళ్ళకు ఏబీఎస్ లేదు, ఏసీ లేదు, ఒక్కోసారి హారన్ కూడా లేదు. గేరు, కాలు, కళ్ళు ఉన్నాయి. తడి రోడ్డు మీద తొక్కుతూ వదులుతూ, తొక్కుతూ వదులుతూ ఆపేవాళ్ళం. ఆ పని మనిషి కాలు చేసేది, ఇప్పుడు ఏబీఎస్ పెట్టె చేస్తోంది. పెట్టె చెడిపోతే పీకేయాలి. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

---

గుణుపురం భౌతికం | శనివారం రాత్రి 11:30

తాతగారి చివరి మాటలోనే అసలు విషయం ఉంది. మనిషి కాలు చేసే పనిని పెట్టె చేస్తోంది, నిజమే. కాకపోతే మనిషికి ఉన్నది ఒక కాలు, ఒక పెడల్. చక్రాలు నాలుగు. వాటిలో ఏది జారుతోందో కాలికి తెలియదు, తెలిసినా ఆ ఒక్కదాని బ్రేకు మాత్రమే సడలించలేదు.

ఇంట్లో ఇనప బీరువా జరిపి చూడండి. కదలక ముందు ఎంత మొండికేస్తుందో, ఒకసారి కదిలాక అంత సులువుగా జారుతుంది. టైరూ అంతే. దొర్లుతున్న టైరులో నేలను తాకిన భాగం ఆ క్షణానికి నేలతో పాటు నిలిచే ఉంటుంది, అందుకే దానికి పట్టు. బ్రేకు బిగిసి చక్రం తిరగడం మానేస్తే అది కదిలిన బీరువా. అయితే గరిష్ఠమైన పట్టు అసలు జారకుండా దొర్లేటప్పుడు దొరకదు. కాస్త జారుతూ దొర్లేటప్పుడు, అంటే నూటికి పది నుంచి ఇరవై పాళ్ళ జారుడులో దొరుకుతుంది. బండి 60 కిలోమీటర్ల వేగంతో పోతోంది, చక్రం మాత్రం 50తో పోతున్నట్టు తిరుగుతోంది అనుకోండి, అదీ ఆ స్థితి. ఏబీఎస్ ప్రయత్నమంతా చక్రాన్ని ఆ సన్నటి గట్టు మీద నిలబెట్టడానికే.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. బిగుసుకున్న ముందు చక్రాన్ని స్టీరింగుతో ఎంత తిప్పినా బండి తిరగదు, పోతున్న వైపే పోతుంది. నన్నడిగితే ఏబీఎస్ ఇచ్చే పెద్ద వరం బండిని దగ్గరలో ఆపడం కాదు. బ్రేకు పూర్తిగా తొక్కి ఉంచి కూడా పక్కకు తప్పించుకునే వీలు ఇవ్వడం. సుంకి మలుపులో ఎదురుగా లారీ వస్తే కావలసింది అదే కదా.

1978లో బాష్ సంస్థ దీన్ని మెర్సిడెస్ ఎస్ క్లాస్ కార్లకు అందించింది. అప్పుడది ధనవంతుల సరదా. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయింది. ఇన్నేళ్ళ తరవాత చిన్న కారుకు చేరిన దాన్ని అర నిమిషంలో పీకేయమంటే నాకు మనసొప్పదు.

---

పాత స్పానర్ | ఆదివారం ఉదయం 6:50

రాయగడలో నాకు చిన్న షెడ్డు ఉంది. జయపురం గారూ, పీకడం, ఉంచడం తరవాత చూద్దాం. ముందు నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పండి.

పెడల్ వణికేది ఏ వేగంలో? పొడి రోడ్డు మీద కూడానా? వణికిన క్షణంలో బండి ఒక పక్కకు లాగుతుందా, లాగితే ఎటు? పాత బేరింగ్ తీసి కొత్తది వేసేటప్పుడు మీరు అక్కడే ఉన్నారా? ఉంటే, సుత్తి చప్పుడు విన్నారా?

---

జయపురం 26 | ఆదివారం ఉదయం 8:05

వేగం 15 నుంచి 10కి దిగేటప్పుడు. అంతకంటే ఎక్కువ వేగంలో ఏమీ ఉండదు, నడక వేగానికి వస్తే మళ్ళీ మామూలే. పొడి రోడ్డు మీదే ఎక్కువగా గమనించాను. లాగడం గురించి మీరు అడిగాక ఇప్పుడే వీధి చివరిదాకా వెళ్ళి చూశాను. కొద్దిగా కుడికి లాగుతోంది.

సుత్తి చప్పుడా! ఆ రోజు టీ కొట్టు దగ్గర కూర్చున్నాను. చప్పుడు అక్కడిదాకా వినిపించింది.

---

పాత స్పానర్ | ఆదివారం ఉదయం 9:20

అయితే దొంగ దొరికినట్టే.

ప్రతి చక్రం దగ్గర ఒక సెన్సర్ ఉంటుంది. అది చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో లెక్కపెడుతుంది. కొన్ని బళ్ళలో పళ్ళున్న ఇనప రింగును చూసి లెక్కపెడుతుంది. చాలా కొత్త బళ్ళలో ఆ రింగు ఉండదు, బేరింగ్‌కు ఒక పక్కన ఉండే నల్లటి సీలులోనే అయస్కాంతపు గుర్తులు వరసగా ఉంటాయి. కంటికి కనబడవు. చూడటానికి మామూలు రబ్బరు సీలులాగే ఉంటుంది కాబట్టి, తెలియనివాళ్ళు బేరింగ్‌ను తిరగేసి కూడా బిగిస్తారు. అలా బిగిస్తే సెన్సర్‌కు అసలు ఏమీ అందదు, బండి కదిలిన కాసేపటికే ఏబీఎస్ పసుపు దీపం వెలుగుతుంది. మీకు దీపం లేదు కాబట్టి బేరింగ్ సరైన వైపే కూర్చుంది. ప్రెస్సులో పెట్టి మెల్లగా నొక్కవలసినదాన్ని సుత్తితో కొట్టారు కాబట్టి సీలు ఒకచోట సొట్ట పడి ఉంటుంది. అక్కడ సెన్సర్‌కు, సీలుకు మధ్య సందు పెరుగుతుంది. చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఆ సొట్ట దగ్గర లెక్క తప్పుతుంది.

వేగంగా పోతుంటే ఆ తప్పు రెప్పపాటులో దాటిపోతుంది, పెట్టె పట్టించుకోదు. మెల్లగా పోతుంటే ఆ ఖాళీ కాస్త ఎక్కువసేపు ఉంటుంది. పెట్టె ఏమనుకుంటుంది? మిగతా మూడు చక్రాలు తిరుగుతున్నాయి, ఎడమ ముందు చక్రం ఆగిపోయింది, బిగుసుకుంది కాబోలు అనుకుని దాని బ్రేకు సడలిస్తుంది. ఎడమ బ్రేకు సడలింది, కుడిది పట్టుకునే ఉంది. అందుకే బండి కుడికి లాగుతోంది. బాగా మెల్లగా అయ్యాక ఏబీఎస్ తనంతట తానే తప్పుకుంటుంది, అందుకే చివర్లో మామూలుగా ఆగుతోంది.

పాపం ఏబీఎస్ తన పని తాను సరిగ్గానే చేస్తోంది. దానికి అబద్ధం చెబుతున్నది బేరింగ్. స్కానర్ ఉన్న చోటికి వెళ్ళి నాలుగు చక్రాల వేగాలు పక్కపక్కన తెర మీద పెట్టించండి. ఎవరైనా పక్కన కూర్చుని చూస్తుంటే మీరు 15 మీద మెల్లగా నడపండి. ఏది సున్నాకు పడిపోతోందో మీకే కనిపిస్తుంది.

---

సాలూరు లారీ తాత | ఆదివారం ఉదయం 10:00

స్పానరూ, నీ లెక్క బాగుంది. కానీ స్కానర్ దొరికేదాకా ఈ అబ్బాయి ఏం చేయాలి? సంతలో ఎవరినో గుద్దాకా? అందాకా ఫ్యూజు పీకితే తప్పేమిటి?

---

పాత స్పానర్ | ఆదివారం ఉదయం 10:40

పెద్దవారు, మీ మాట తీసేయను. ఫ్యూజు లేకపోయినా మామూలు బ్రేకు పనిచేస్తుంది, అది నిజం. కానీ ఆ పెట్టె చేసే పని ఏబీఎస్ ఒక్కటే కాదు. బ్రేకు తొక్కితే బండి బరువంతా ముందుకు ఒరుగుతుంది, వెనక చక్రాలు తేలికపడతాయి. వాటికి ఎంత బ్రేకు అందాలో చూసే ఈబీడీ కూడా ఆ పెట్టెలోదే. పాత కార్లలో వెనక బ్రేకును తగ్గించడానికి విడిగా ఒక వాల్వు ఉండేది. ఈబీడీ ఉన్న చాలా బళ్ళలో అది తీసేశారు. కాబట్టి ఫ్యూజు పీకితే ఏబీఎస్ లేని పాత కారు అవుతుందనుకుంటే పొరపాటు. దానికంటే అధ్వానంగా తయారవుతుంది. దిగుడులో, తడి మీద, గట్టిగా తొక్కితే ముందుగా వెనక చక్రాలు బిగుసుకోవచ్చు. అప్పుడు తోక ముందుకొస్తుంది. అది మీ లారీ అనుభవంలో లేని సంగతి కాదు.

పసుపు దీపం ఒక్కటే వెలిగితే, తిన్నగా నడుపుకుంటూ షెడ్డుకు రావచ్చు. దానితో పాటు ఎర్ర బ్రేకు దీపం కూడా వెలిగితే, హ్యాండ్‌బ్రేకు దించి, ఆయిల్ మట్టం చూసి, అప్పటికీ ఆరకపోతే బండిని కదపకండి. ఫ్యూజు పీకిన చాలా బళ్ళలో రెండూ వెలుగుతాయి. బండే చెబుతోంది, మనం వినడం లేదు.

జయపురం గారూ, అప్పటిదాకా ఘాట్ దిగకండి. ఊళ్ళో తప్పనిసరైతే ముందు బండికి రెండింతల ఎడం ఉంచండి.

---

పర్లాకిమిడి కుర్రాడు | ఆదివారం మధ్యాహ్నం 1:10

నా బైకుకు కూడా ఏబీఎస్ ఉంది. వెనక బ్రేకు తొక్కితే చక్రం జారుతోంది. నాది కూడా బేరింగేనా అండీ?

---

పాత స్పానర్ | ఆదివారం మధ్యాహ్నం 1:25

కాదు తమ్ముడూ. నీ బైకుకు ముందు చక్రానికి మాత్రమే ఉండి ఉంటుంది. చాలా బైకులకు అంతే. వెనక చక్రం జారడం జబ్బు కాదు, నీ కాలు బరువు. బైకుల గురించి వేరే చర్చ తెరువు, వచ్చి చెబుతాను.

---

కోరాపుట్ టీచర్ | ఆదివారం సాయంత్రం 4:45

ఇది చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

రెండేళ్ళ క్రితం వానాకాలం. రాయగడ నుంచి వస్తూ లక్ష్మీపూర్ దాటాను. మలుపు తిరగగానే రోడ్డు మధ్యలో లేగదూడ. శక్తికొద్దీ బ్రేకు తొక్కాను. పెడల్ నా పాదాన్ని ఎదురు తన్నినట్టు టకటకటకమని కొట్టింది, కింద ఏదో విరుగుతున్న చప్పుడు. బ్రేకు పోయిందనుకుని భయపడి కాలు తీసేశాను. దూడ తనంతట తాను గెంతి పోయింది. నేను పక్క కాలవలో పడ్డాను. నాకేం కాలేదు, బంపర్ ఊడింది.

బండి బాగుచేసిన చోట నవ్వారు. అది ఏబీఎస్ మేడమ్, అలాగే కొడుతుంది, కాలు తీయకూడదు అన్నారు. నాలుగేళ్ళుగా ఆ బండి నడుపుతున్నాను. డ్రైవింగ్ నేర్పినవారు చెప్పలేదు. బండి అమ్మినవారు పాటలు ఎలా పెట్టుకోవాలో అరగంట చూపించారు కానీ ఇది చెప్పలేదు. బండితో ఇచ్చిన పుస్తకంలో ఉందట. ఆ పుస్తకం ప్లాస్టిక్ కవరు విప్పలేదని ఒప్పుకుంటున్నాను.

జయపురం గారూ, మీకు వచ్చింది దొంగ వణుకు. నాకు వచ్చింది అసలు వణుకు. రెండూ కాలికి ఒకేలా తెలుస్తాయి కదా. మరి తేడా ఎలా పోల్చుకోవాలి?

---

గుణుపురం భౌతికం | ఆదివారం సాయంత్రం 6:20

అమ్మా, మంచి ప్రశ్న. మీరు గట్టిగా తొక్కారు, రోడ్డు తడిగా ఉంది. అలాంటప్పుడు వణుకు రావాలి, రాకపోతేనే అనుమానించాలి. పొడి రోడ్డు మీద మెత్తగా తొక్కినప్పుడు వస్తే అది దొంగ వణుకు.

ఆ టకటకలు ఎందుకంటే, పెట్టెలో చక్రానికి రెండేసి చిన్న వాల్వులుంటాయి. ఒకటి మూసుకుని ఒత్తిడి ఇక పెరగకుండా ఆపుతుంది, రెండోది తెరుచుకుని ఉన్న ఒత్తిడిని దించుతుంది. దించిన ఆయిల్‌ను ఒక పంపు వెనక్కు తోస్తుంది. చక్రం మళ్ళీ తిరగగానే ఒత్తిడి ఎక్కుతుంది. ఇదంతా సెకనుకు పది పదిహేను సార్లు జరుగుతుంది. ఆ వెనక్కు తోసిన ఆయిలే మీ పాదాన్ని తన్నింది. తాతగారి కాలు ఎంత చురుకైనదైనా సెకనుకు రెండు మూడు సార్లకు మించి తొక్కి వదలలేదు. పైగా ఏబీఎస్ ఉన్న బండిలో అలా తొక్కుతూ వదిలితే పెట్టె పనిని మనమే చెడగొట్టినవాళ్ళమవుతాం. తొక్కిన కాలు తొక్కినట్టే ఉంచి, చూపూ స్టీరింగూ తప్పించుకునే వైపు తిప్పాలి.

---

రాయగడ రైతుబిడ్డ | ఆదివారం రాత్రి 8:00

ఒక సందేహం. మా వైపు పంట చేతికొచ్చిన రోజుల్లో వరి, మండియా రోడ్డు మీదే ఆరబోస్తారు. మండియా అంటే రాగులు, మన విజయనగరం వాళ్ళ చోళ్ళు. ఒకసారి వాటి మీద బ్రేకు వేస్తే ఏబీఎస్ టకటకమంటూ బండి పోతూనే ఉంది. మా మామయ్య పాత జీపు, ఏబీఎస్ లేనిది, ఇలాంటి చోట్ల ముందే ఆగుతుందని ఆయన వాదన. నిజమేనా?

---

గుణుపురం భౌతికం | ఆదివారం రాత్రి 8:50

మీ మామయ్యగారు సగం నిజం చెప్పారు. లోతైన కంకర, ఇసుక మీద బిగుసుకున్న చక్రం తన ముందు చిన్న గట్టు కట్టుకుంటుంది, ఆ గట్టే అడ్డుపడి ఆపుతుంది. ఏబీఎస్ చక్రాన్ని తిప్పుతూ ఉంటుంది కాబట్టి గట్టు కట్టనివ్వదు, ఆగే దూరం పెరుగుతుంది. ఇది దాచేదేమీ లేదు. కానీ గట్టి తారు మీద పలచగా పరిచిన రాగులు వేరు. గుండ్రటి గింజలు, కింద గట్టి నేల, చక్రం దిగబడటానికి ఏమీ లేదు. అక్కడ జీపయినా కారయినా జారేదే. మామయ్యగారి జీపు ముందే ఆగిందంటే ఆయన మెల్లగా వచ్చి ఉంటారు.

వేగం మాట వచ్చింది కాబట్టి ఒక లెక్క. 60లో పోతున్నారు. ప్రమాదం చూసి కాలు బ్రేకు మీదికి చేరడానికి ఒక సెకను అనుకుంటే అప్పటికే 17 మీటర్లు పోయారు. మంచి పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 20. మొత్తం 37. అదే 80 అయితే 22, 36 కలిసి 58. ఇక వానపడి పట్టు తగ్గితే 80లో బ్రేకు పట్టాక పోయే దూరమే 60 మీటర్లు దాటిపోవచ్చు. అరిగిన టైర్లయితే నేను లెక్క వేయను. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని చట్టం. మన పిల్లల నోటు పుస్తకాల మీద అట్టంత మందం కూడా లేని గాళ్ళతో ఎన్ని బళ్ళు ఘాట్ దిగుతున్నాయో రోజూ చూస్తూనే ఉన్నాం.

---

సాలూరు లారీ తాత | ఆదివారం రాత్రి 9:30

మాస్టారూ, ఫ్యూజు మాట వెనక్కు తీసుకుంటున్నాను. స్పానర్ చెప్పిన ఆ వెనక చక్రాల సంగతి నాకు తెలియదు. కానీ మీరంతా మాట్లాడని ముక్క ఒకటుంది, అది మాత్రం నాదే.

ఘాట్‌లో బండ్లు పోయేది చక్రం బిగుసుకుని కాదు, బ్రేకు కాలిపోయి. పైనుంచి కిందిదాకా కాలు బ్రేకు మీదే ఉంచి దిగుతారు. సగం దారిలో కాలిన వాసన వస్తుంది. ఎవరో టైరు కాలుస్తున్నారనుకుని అద్దం ఎత్తేస్తారు. ఆ వాసన మీ బ్రేకు లైనర్లదే బాబూ! ఇంకో రెండు మలుపులు దాటితే పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. మరికొందరికి పెడల్ మెత్తబడి కిందిదాకా పోతుంది. అప్పుడు ఏబీఎస్ ఏం చేస్తుంది? దానికి సడలించడమే తెలుసు, లేని బ్రేకును తెచ్చిపెట్టడం తెలియదు.

ఎక్కిన గేరులోనే దిగాలని మా గురువు చెప్పేవాడు. కారయితే రెండో గేరు, మరీ నిటారుగా ఉంటే ఒకటో గేరు. ఇంజనే బండిని పట్టుకుంటుంది. మధ్యమధ్యలో బ్రేకు ఒకసారి గట్టిగా వేసి వేగం బాగా తగ్గించి, వదిలి, చల్లారనివ్వాలి. వాసన వస్తే ఎడంగా చోటు చూసుకుని ఆపి అరగంట కూర్చోవాలి. చక్రాల మీద నీళ్ళు పోయకూడదు, ఎర్రగా కాగిన ఇనుము పగులుతుంది.

పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి దిగేవాళ్ళను ఇప్పటికీ చూస్తున్నాను. వాళ్ళను చూస్తే చేయి చేసుకోవాలనిపిస్తుంది.

---

పాత స్పానర్ | ఆదివారం రాత్రి 10:05

చేయి చేసుకోండి, నేను సాక్ష్యం చెబుతాను. ఇంజను ఆపితే, మన తొక్కుడుకు బలం కలిపే బ్రేకు బూస్టరుకు గాలి లాగే ఆధారం పోతుంది. లోపల మిగిలినదానితో రెండు మూడు తొక్కుళ్ళు వస్తాయి, ఆ తరవాత రాయిని తొక్కినట్టే. స్టీరింగు కూడా బరువెక్కుతుంది.

పెడల్ మెత్తబడటం గురించి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. నూటికి మూడు నాలుగు పాళ్ళు నీరు చేరితే 155 దగ్గరే మరగవచ్చు. డాట్ 3 అయితే 205, 140. మరిగిందంటే లోపల ఆవిరి బుడగలు. ద్రవాన్ని నొక్కితే తోస్తుంది, బుడగను నొక్కితే నలుగుతుంది. మీరు తొక్కిన తొక్కుడంతా బుడగలు నలగడానికే పోతుంది. అందుకే రెండేళ్ళకోసారి మార్చమంటాం. మన వైపు ఎవరూ మార్చరు. ఇంజను ఆయిల్ మారుస్తారు, అద్దాలకు నల్ల కాగితం అంటిస్తారు, దీన్ని మాత్రం తగ్గితే పోసి మూత పెట్టేస్తారు.

---

జయపురం 26 | శుక్రవారం రాత్రి 8:30

ఆలస్యానికి క్షమించండి. అమ్మను ఈసారి బస్సులో తీసుకువెళ్ళాను.

స్కానర్ ఉన్న షెడ్డు కోరాపుట్‌లో దొరికింది. స్పానర్ గారు చెప్పినట్టే తెర మీద నాలుగు అంకెలు పెట్టారు. నేను మెల్లగా నడుపుతున్నాను, పక్కనున్న కుర్రాడు చదువుతున్నాడు. పదమూడు, పదమూడు, పదమూడు, సున్నా! మళ్ళీ పదమూడు. సున్నా చూపింది ఎడమ ముందు చక్రమే. అప్పుడు నాకు నవ్వాలో కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

విప్పితే సీలు అంచు మీద గోరంత సొట్ట. సుత్తి దెబ్బ అని చూడగానే తెలుస్తోంది. కొత్త బేరింగ్ తెప్పించి, ప్రెస్సులో నొక్కి వేశారు. బిగించే ముందు ఆ మెస్త్రీ చిన్న గుండుసూది తీసి సీలు దగ్గర పెట్టి చూపించాడు, అది అంటుకుంది. ఆ పక్కే లోపలికి, సెన్సర్ వైపుకు రావాలట. వణుకు పోయింది. సంతలో బుట్టల ఆవిడ దగ్గర కావాలనే బండి ఆపి రెండు చేటలు కొన్నాను. ఆవిడకు నేను గుర్తున్నాను.

టీచర్ గారూ, మీ మాట విని ఇవాళ వాన వెలిశాక ఖాళీ మైదానంలో 40 వేగం దాకా వెళ్ళి పూర్తిగా తొక్కాను. అసలు వణుకు ఎలా ఉంటుందో తెలిసింది. తొక్కుతూనే పక్కకు తిప్పాను, తిరిగింది. రెండోసారి మా ఆవిడ నడిపింది. మొదటి తొక్కుడుకు ఆమె కూడా కాలు తీసేసింది, మూడోసారికి తీయలేదు.

---

కోరాపుట్ టీచర్ | శుక్రవారం రాత్రి 9:00

నేనూ ఆదివారం వెళ్తున్నాను. పుస్తకం కవరు కూడా విప్పాను.

---

సాలూరు లారీ తాత | శుక్రవారం రాత్రి 9:10

బాగుంది బాబూ. బ్రేక్ ఆయిల్ మార్పించావా?

---

జయపురం 26 | శుక్రవారం రాత్రి 9:35

అడగడం మరిచిపోయాను తాతగారూ. ఇప్పుడే టార్చి పట్టుకుని వెళ్ళి డబ్బా చూశాను. మా ఇంట్లో పొద్దుటి కాఫీ డికాక్షన్ రంగులో ఉంది.

---

పాత స్పానర్ | శుక్రవారం రాత్రి 9:40

రేపు రాయగడ రండి. ఘాట్ లేని దారిలోనే.

---

జయపురం 26 | శుక్రవారం రాత్రి 9:42

జయపురం నుంచి రాయగడకు ఘాట్ లేని దారి ఎక్కడుందండీ?

---

పాత స్పానర్ | శుక్రవారం రాత్రి 9:50

నిజమే. అయితే అక్కడే, కోరాపుట్ షెడ్డులో, ఆ మెస్త్రీ దగ్గరే మార్పించండి. సీసా మూత మీ ఎదురుగా తెరవమనండి.